ఎడమ అంచు

"గెలిచాను," అన్నారు మామగారు, కుర్చీలో వెనక్కి వాలి.

కోడలు ఆట పలక వైపు చూసింది. గెలవలేదు. ఆయన నల్లగుండీల దారి కుడి అంచు దగ్గర బయల్దేరి, మధ్యలో రెండు మెలికలు తిరిగి, ఎడమ అంచు దాకా వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. అంచుకి ముందు ఇంకా రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అక్కడ ఒక్క తెల్లగుండీ పెడితే ఆట మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తెల్లగుండీ ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

"ఏమ్మాయ్, మాట్లాడవేం? ఒప్పుకోడానికి నోరు రావట్లేదా?"

"గెలిచారు మామయ్యా," అని ఆమె గుండీని డబ్బాలో వేసేసింది.

ఆ ఆట వాళ్ళ కుట్టుకొట్లో తప్ప ఆమె ఇంకెక్కడా చూడలేదు. కొలతల కాగితం అంటించిన మందపాటి అట్ట, దాని మీద తేనెపట్టు గదుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఆరు మూలల గళ్ళు. మామగారు సన్నటి సుద్దతో గీసి, తరవాత సిరాతో దిద్దినవి. నల్లవి కోటు గుండీలు, తెల్లవి చొక్కా గుండీలు. ఒకరి తరవాత ఒకరు ఒక్కో గుండీ పెట్టాలి. పెట్టింది కదపకూడదు, తియ్యకూడదు. నల్లవి పెట్టేవాళ్ళు ఎడమ అంచునీ కుడి అంచునీ కలపాలి, తెల్లవి పెట్టేవాళ్ళు పై అంచునీ కింది అంచునీ. ఒకరి దారి కలిసిందంటే రెండోవారి దారి తెగినట్టే. ఇద్దరూ గెలవడమంటూ లేదు, ఎవరూ గెలవకపోవడమంటూ కూడా లేదు. "ఇంత తేటగా తేలే తగువు లోకంలో ఇంకోటి లేదు," అనేవారు మామగారు. నల్లవి ఎప్పుడూ ఆయనవే. ఎడమా కుడీ కూడా ఆయన కూర్చున్న వైపు నుంచే లెక్క.

మధ్యాహ్నం తిండి అయ్యాక, కత్తిరింపు బల్ల చివర గుడ్డపీలికలు పక్కకి నెట్టి, వాళ్ళిద్దరూ ఒక ఆట ఆడతారు. ఇదివరకు ఆయన నిజంగానే గెలిచేవారు. గెలిచినా వెంటనే చెప్పేవారు కాదు. ఆ చివర నుంచి ఈ చివరకి గుండీ గుండీనీ వేలితో తాకుతూ పోయి, అంచు మీద గోటితో టక్కున కొట్టి, అప్పుడు నవ్వేవారు. తలలో రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో పడుకుని లేచి వచ్చాక ఈ తొందర పట్టుకుంది. దారి ఇంకా కలవకుండానే గెలిచానంటారు. చేతికి బలం తిరిగొచ్చింది, కాలు తిన్నగా పడుతోంది, మాట స్పష్టంగానే ఉంది. డాక్టరు కూడా బాగుందన్నాడు. పెద్దవారు, చావుని చూసొచ్చినవారు, రెండు గళ్ళ దగ్గర ఆయనతో వాదన పెట్టుకుని ఏం సాధిస్తాం అనుకుంది కోడలు.

"ఈ పిల్లకి ఎప్పటికీ ఆట రాదు మాస్టారూ," అంది కాజాల అక్క, దారం పంటితో తెంపుతూ. ఆవిడ కొట్టుకి పాత మనిషి. గుండీలకి కాజాలు తియ్యడం ఆవిడ పని, అందరి మీదా మాట విసరడం ఆవిడ హక్కు. "రోజూ ఓడిపోయి రోజూ కూర్చుంటుంది. సిగ్గు లేకపోతే సరి."

"ఓపికుందనవే. ఓపిక ఉంది కాబట్టే నీ నోటి పక్కన కూర్చుని పని చేస్తోంది," అన్నారు మామగారు.

అప్పుడే బ్యాండు మాస్టారు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన పొట్లం. ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా బాకా ఊదేముందు పీల్చినట్టే ఉంటుంది.

"ఏమోయ్ కత్తెరా! బతికే ఉన్నావన్నమాట."

"నీ బాకా వినబడుతూనే ఉందిగా, బతికే ఉన్నాననుకున్నా. చచ్చినవాళ్ళకి అంత శిక్ష వెయ్యరు."

పొట్లం విప్పాడు. నల్లగా ఉందనుకుంటే నీలంగా, నీలమనుకుంటే నల్లగా మెరిసే ఊలు గుడ్డ. కోడలి భర్త మిషను ఆపి లేచి వచ్చి చూశాడు. కాజాల అక్క సూది గుచ్చి పెట్టి వచ్చింది. మామగారు మాత్రం చూడలేదు, ముట్టుకున్నారు. అరచెయ్యి బోర్లించి ఒకసారి, తిరగేసి వేళ్ళ వెనకతో ఒకసారి.

"ఆ మిల్లు మూతపడి చాన్నాళ్ళయింది. ఎక్కడ దొరికిందిరా నీకు?"

"మా వాయిద్యాల గదిలో, పాత డప్పు లోపల. ఎవరు దాచారో తెలీదు, ఏ పురుగూ ముట్టలేదు. ఒక్క కోటుకి సరిపోతుంది, తప్పు పోతే ఇంకో గుడ్డ లేదు. నువ్వే కొయ్యాలి."

భర్త గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, నేను కోస్తాను. నువ్వు పక్కన కూర్చుని చెప్తుండు."

"ఎందుకూ? నా చేతికేమొచ్చింది?" మామగారు మణికట్టు తిప్పి చూపించారు, వేళ్ళు ముడిచి విప్పారు. "బుర్రకేమైనా వచ్చిందంటావా? మీ ఆవిణ్ణడుగు. రోజూ ఎవరు గెలుస్తున్నారో అడుగు."

అందరూ ఆమె వైపు తిరిగారు. కోడలు గుండీల డబ్బా మూత బిగించింది.

"మామయ్యే గెలుస్తున్నారు," అంది.

"ఇంకేం మరి!" అన్నాడు బ్యాండు మాస్టారు. "శుక్రవారం వస్తా. నా కళ్ళ ముందే కొయ్యి. పాతికదాకా కోట్లు కోశావు నాకు, ఒక్కటైనా కోస్తుండగా చూడాలి."

మామగారు గుడ్డని పసిపిల్లని పడుకోబెట్టినట్టు అల్మారాలో పెట్టారు. తిరిగొస్తూ ఎడమ భుజాన్ని అల్మారా తలుపుకి కొట్టుకున్నారు. "దీన్నెవరు తెరిచి పెట్టారు?" అని విసుక్కున్నారు. తెరిచింది ఆయనే.

*

ఆమెకి పొద్దున్నే దేవుడితో కాసేపు మాట్లాడుకోవడం అలవాటు. పెద్ద ప్రార్థనలేమీ రావు. చేతులు జోడించి, ఆ రోజు జరగాల్సినవి ఒక్కొక్కటే ఆయనకి అప్పజెపుతుంది. ఆ పొద్దున మాత్రం ఒక ప్రశ్న అడిగింది. స్వామీ, నేను అబద్ధం ఆడాలని ఆడలేదు. మొదట ఊరుకున్నాను, అంతే. రోజూ ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా నీ లెక్కలోకి వస్తుందా?

నిన్న అందరి ముందూ అన్న మాట గొంతులో ముల్లులా కదులుతూనే ఉంది. మామయ్య నిజంగా గెలవగలిగితే గెలవనీ, శుక్రవారం ధీమాగా కోసుకుంటారు. గెలవలేకపోతే అప్పుడు చూద్దాం. ఇవాళ మాత్రం ఉన్నదున్నట్టు ఆడదామనుకుంది.

మధ్యాహ్నం కూర్చున్నారు. మామగారు మధ్యలో మొదటి నల్లగుండీ పెట్టారు. ఆమె దానికి ఎదురు పెట్టకుండా, దూరంగా ఎడమ అంచు దగ్గర ఒక తెల్లది పెట్టింది. ఆయన పట్టించుకోలేదు. కుడి వైపు దారి కట్టుకోవడంలో మునిగిపోయారు. ఆమె ఇంకోటి పెట్టింది, దాని కింద ఇంకోటి. మధ్యలో ఆయన్ని మరిపించడానికి అటొకటి ఇటొకటి వేసింది కానీ ఆ అవసరమే రాలేదు. ఎడమ అంచు పొడుగునా తెల్లగుండీలు పై నుంచి కిందికి కంచెలా దిగాయి. ఆయన ఒక్కటి కూడా అడ్డు పెట్టలేదు. ఇదేమిటి, ఇంత తేలికగానా, అనుకుంది.

"గెలిచాను," అన్నారు మామగారు.

"లేదు మామయ్యా. నాది కలిసింది."

"ఏది కలిసింది?"

ఆమె లేచి వంగి, పై అంచు నుంచి కింది అంచు దాకా వేలితో చూపించింది. ఆయన ఆమె వేలి వెంట తల తిప్పారు. మొహం ఎర్రబడింది.

"ఇవెక్కడివి?"

"పెట్టాను కదా మామయ్యా. ఒక్కొక్కటే."

"ఎప్పుడు పెట్టావ్? ఇక్కడేం లేవు! నేను చూస్తూనే ఉన్నాను కదా, ఇక్కడ ఏమీ లేవు!" కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి మిషను ఆగింది. "గుండీ తీసుకోడానికి నేను తల తిప్పినప్పుడల్లా పెట్టుకుంటూ పోయావా? ఒకేసారి రెండేసి?"

"మామయ్యా!"

"ఓడిపోయినా పరవాలేదమ్మాయ్. దొంగాట ఆడే పిల్లవనుకోలేదు నిన్ను."

కొట్లో కాలరు సరిచేయించుకోడానికి వచ్చిన మనిషొకడు ఉన్నాడు. అతను మర్యాదగా గోడకున్న గుడ్డల నమూనాలు చూడటం మొదలుపెట్టాడు. కోడలికి చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ళు చేతికందిన గెలుపులు వదిలేసింది ఎవరు? ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి, అప్పటికే ఇస్త్రీ అయిపోయిన ప్యాంటుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

"పలక ఎవరూ ముట్టుకోకండి," అన్నారు మామగారు. "సాక్ష్యం. అలాగే ఉండాలి." దాని మీద కాగితం కప్పి, నాలుగు మూలలా నాలుగు దారపు రీళ్ళు పెట్టారు.

కాసేపటికి భర్త ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "తప్పయిందనెయ్యి. ఆటేగా. నాన్న శుక్రవారం కోటు కొయ్యాలి, మనసు పాడుచెయ్యడం ఎందుకు?"

"నేను దొంగాట ఆడానంటారా మీరు?"

"ఆడావనట్లేదు..."

"ఆడలేదనండి మరి."

అతను ఇస్త్రీపెట్టె వైపు చూశాడు, మిషను వైపు చూశాడు. "నువ్వు ఊరుకుంటే అయిపోతుంది," అని వెళ్ళిపోయాడు.

కాజాల అక్క అంతా వింటూనే ఉంది. ఈసారి మాట విసరలేదు. పోతూ పోతూ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఆ ప్యాంటుని వదిలెయ్యి పిల్లా, పాపం అదేం చేసింది," అని మాత్రం అంది.

*

ఆ సాయంత్రం కోడలు వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది. కోపమున్నా కంచం మాత్రం ఎప్పటిలాగే సర్దింది. కుడి వైపు రొట్టె, మధ్యలో కూర, ఎడమ వైపు ఉడికించిన గుడ్డు రెండు చెక్కలు. మామగారికి గుడ్డంటే ఇష్టం. కంచం ఆయన ముందు పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఎదురుగా కూర్చున్న భర్త తల వంచుకుని తింటున్నాడు.

మామగారు రొట్టె ముప్పాతిక తిన్నారు. కూర తిన్నారు, అదీ సగమే. చెయ్యి ఆపి కంచం వైపు చూశారు.

"గుడ్డు వెయ్యలేదేం? అంత కోపమా?"

ఆమెకి ఒళ్ళు మండింది. మధ్యాహ్నం దొంగ, ఇప్పుడు ముసలాయన తిండి దగ్గర కసి తీర్చుకునే కోడలు. విసురుగా వచ్చి, ఇదిగో చూడండి అన్నట్టు కంచం పట్టుకుని సగం చుట్టు తిప్పింది.

"ఆ... ఇప్పుడు వేశావా," అన్నారు ఆయన మెత్తగా. "ఇందాకే వెయ్యొచ్చుగా." గుడ్డు తీసుకుని ఉప్పు అద్దుకుని తినసాగారు.

కోడలు కంచం అంచు మీంచి చెయ్యి తియ్యలేదు. గుడ్డు ఇప్పుడు కుడి వైపు ఉంది, తింటున్నారు. మిగిలిన రొట్టెముక్క ఇప్పుడు ఎడమ వైపుకి వెళ్ళింది.

"రొట్టె ఇంకా ఉందా?" అన్నారు మామగారు.

ఆమె భర్త తలెత్తి చూశాడు. ఆమె అతని వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమయిందని కాదు. అతనికింకా ఏమీ అర్థం కాలేదు, ఆమె మొహం చూసి భయపడ్డాడంతే. ఆమెకి మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. ఎడమ చెంప మీద గీయకుండా వదిలేసిన గడ్డం. దాని మీద కాజాల అక్క వేసిన వేళాకోళాలు. భుజాన్ని కొట్టుకున్న అల్మారా తలుపు. ఎడమ కాలి చెప్పు లేకుండానే వీధిలోకి బయల్దేరిన పొద్దుట నవ్వుకున్న నవ్వులు. రోజూ ఎడమ అంచుకి ముందే ఆగిపోయే నల్లగుండీలు.

కోపం ఎటు పోయిందో తెలీదు. రొట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది.

*

మర్నాడు పొద్దున కొట్టు తెరిచాక భర్తని దారాలు తెమ్మని పంపింది. మామగారు బల్ల దగ్గర సుద్దముక్కలకి పదును పెడుతున్నారు. కోడలు దారపు రీళ్ళు తీసి, పలక మీది కాగితం ఎత్తింది.

"నా సాక్ష్యం జోలికి పోకు," అన్నారు ఆయన, కానీ గొంతులో నిన్నటి వేడి లేదు. ఆయనకీ రాత్రి సరిగా నిద్ర పట్టినట్టు లేదు.

"ముట్టుకోను మామయ్యా. ఒక్కసారి చూడండి. తెల్లవి ఎన్ని కనబడుతున్నాయి?"

"నువ్వు దొంగతనంగా పెట్టినవి కాక?"

"మీకు కనబడినవన్నీ."

ఆయన చూశారు. పలక మధ్యలోనూ కుడి వైపూ చెదురుగా ఉన్న నాలుగైదు చూపించారు. ఎడమ అంచు పొడుగునా కంచెలా నిలబడి ఉన్న తెల్లటి వరస వైపు చెయ్యి పోలేదు. అది ఆయన మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది.

ఆమె అట్టని రెండు చేతులతో పట్టుకుని, గుండీ ఒక్కటీ జరగకుండా, మెల్లగా సగం చుట్టు తిప్పింది.

మామగారు కళ్ళు చికిలించారు. "ఇదేమిటి? ఇది వేరే ఆట."

"అదే ఆట."

"మరి ఈ తెల్లవరస?"

"నిన్న మీకు ఎడమ పక్కనుంది."

ఆయన ఆ తెల్లగుండీలని ఒక్కొక్కటే తాకారు. పై నుంచి కిందికి, తెగకుండా. తరవాత ఏదో వెతుక్కున్నారు. "మరి నావేవి? కుడి అంచు మీద నేను పెట్టినవి? నాలుగు పెట్టాను వరసగా, నాకు బాగా గుర్తు. తీసేశావా?"

కోడలు ఆయన ఎడమ చేతిని పట్టుకుని పలక అవతలి అంచుకి తీసుకెళ్ళి పెట్టింది. వేళ్ళకి నల్లగుండీ తగిలింది. ఆయన తల తిప్పారు, ఇంకా తిప్పారు, గడ్డం భుజానికి ఆనేదాకా తిప్పారు. అప్పుడు కనబడ్డాయి.

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగుతూ పోయింది.

"చీకటిగా లేదమ్మాయ్ అక్కడ," అన్నారు చివరికి. "మసకగా కూడా లేదు. ఏదో కనబడట్లేదని తెలిస్తే తిరిగి చూసుకుందును కదా. అక్కడ ఒకటుందనే తెలీలేదు నాకు."

"నాకూ తెలీలేదు మామయ్యా, నిన్న రాత్రి దాకా."

ఆయన అల్మారా వైపు చూశారు. "శుక్రవారం కోసేసేవాణ్ణి," అన్నారు. "ధీమాగా కోసేసేవాణ్ణి. బాకాగాడి కళ్ళ ముందే." సుద్దముక్క చేతిలో విరిగింది. "ఒక చెయ్యున్న కోటు వేసుకుని ఊదుకునేవాడు వెధవ."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంది కానీ ఆయనే ముందు నవ్వేశారు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. ఆయన కుడి కన్నే తుడుచుకున్నారు. ఆమె చీర చెంగుతో రెండోది తుడిచింది.

"నిన్న నిన్ను దొంగవన్నాను."

"పోనివ్వండి."

"పోనివ్వడమేమిటి? నలుగురి ముందు అన్న మాట, నలుగురి ముందే వెనక్కి తీసుకుంటా." ఆగి, ఆమె వైపు పరీక్షగా చూశారు. "ఒకటి చెప్పు. ఇన్నాళ్ళూ గెలిచానన్నానే, నిజంగా కలిసేవా నావి?"

ఆమె తల వంచుకుంది. "లేదు. రెండు గళ్ళు, ఒక్కోసారి మూడు, మిగిలిపోయేవి."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"పెద్దవారు కదా అని... గెలిస్తే సంతోషిస్తారని..."

"సంతోషించాను మరి. ఆ సంతోషంతోనే గుడ్డకి కత్తెర పెట్టబోయాను." కోప్పడలేదు. కుట్టు వంకర పోయినప్పుడు విప్పి మళ్ళీ వెయ్యమని చెప్పే గొంతుతోనే చెప్పారు. "నా తలలో ఏముందో నాకు తెలీదు, డాక్టరుకి తెలీలేదు. ఈ అట్టముక్కకి తెలుసు. రోజూ చెబుతూనే ఉంది. దాని నోటికి నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు, ప్రేమతోనే అనుకో."

కాజాల అక్క వచ్చింది. భర్త దారాలతో వచ్చాడు. మామగారు లేచి నిలబడి, కొత్త కొలత చెప్పినంత మామూలుగా చెప్పారు. "నిన్న మన కొట్లో దొంగాట జరగలేదు. నాకు ఎడమ పక్క తెలియట్లేదు. అమ్మాయి పట్టుకుంది. రేపు డాక్టరు దగ్గరికి పోతున్నాం."

భర్త దారాల సంచి కింద పెట్టడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. తరవాత భార్య పక్కకి వచ్చి, ఎవరికీ వినబడకుండా, "ఆడలేదు," అన్నాడు.

"ఏమిటి?"

"నిన్న అనమన్నావుగా. దొంగాట ఆడలేదు."

"పొద్దు గూకాక తెల్లారిందట," అని ఆమె సంచి లాక్కుంది. కానీ మొహం తేటపడింది.

"అయితే మాస్టారూ," అంది కాజాల అక్క, "సగం గడ్డం మీద నేనేసిన మాటలన్నీ దేవుడు రాసుకునే ఉంటాడు."

"ఎడమ చెవిలో పడినవి నాకు వినబడలేదులే," అన్నారు మామగారు.

*

డాక్టరు ఒక గీత గీసిన తెల్లకాగితం ఇచ్చి, ఆ గీతకి మధ్యలో గుర్తు పెట్టమన్నాడు. మామగారు పెట్టిన గుర్తు కుడివైపుకి జరిగిపోయి ఉంది. డాక్టరు పెదవి కొరుక్కున్నాడు. కళ్ళకేమీ కాలేదనీ, దెబ్బతిన్న తల ఆ పక్కని పట్టించుకోవడం మానేసిందనీ, చాలామందికి సాధనతో కొద్దికొద్దిగా తిరిగొస్తుందనీ, ఎంత వస్తుందో తను చెప్పలేననీ అన్నాడు. అప్పటిదాకా కత్తెర వద్దు, ఒంటరిగా రోడ్డు దాటొద్దు. ఏం చేసినా ముందు ఎడమ అంచుని వెతికి పట్టుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

"గుండీల ఆట ఆడొచ్చా?" అని అడిగారు మామగారు, ఆటేమిటో చెప్పి.

"అంతకన్నా ఏం కావాలి? ఆడండి. కానీ మిమ్మల్ని ఓడించేవాళ్ళతో ఆడండి."

మామగారు కోడలి వైపు చూశారు. ఆమె గోడ మీది బొమ్మ చూసింది.

శుక్రవారం బ్యాండు మాస్టారు చెప్పినట్టే వచ్చాడు, కోటు కోస్తుండగా చూడటానికని తల దువ్వుకుని మరీ. విషయం విన్నాక కాసేపు ఊపిరి బిగబట్టాడు. మామగారు గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"మావాడు కోస్తాడు. నేను కోసినట్టే కోస్తాడు. నువ్వేం బెంగపెట్టుకోకు."

బ్యాండు మాస్టారు గుడ్డ వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. "వాడు బాగా కోస్తాడు, నాకు తెలుసు. ఏమీ అనుకోకు బాబూ. ఈ ఒక్కటీ మాత్రం మీ నాన్న చేతే కోయించుకుంటా." తన పాత కోటు మోచేతులు తడుముకున్నాడు. "దీనికింకా చేతులున్నాయి. డప్పులో అన్నేళ్ళున్న గుడ్డ మీ అల్మారాలో ఇంకొన్నాళ్ళుంటే చెడిపోదు. ఒరేయ్ కత్తెరా, నువ్వు మీ కోడల్ని నిజంగా ఓడించిన రోజు నాకు కబురు పెట్టు. ఆ మర్నాడు కోద్దువుగాని."

"ఎప్పటికీ ఓడించలేకపోతే?"

"ఆ మాట మీ కోడలే చెబుతుంది. నీ మాట నేను నమ్మను, నా మాట నువ్వు నమ్మవు. ఆ అమ్మాయి చెబితే ఇద్దరం నమ్ముదాం."

"అమ్మాయ్," అన్నారు మామగారు. "మాటివ్వు. ఒక్క గడి కూడా వదలకూడదు."

"వదలను మామయ్యా," అంది.

అప్పణ్ణుంచి ఆమె పొద్దుటి మాటలు తికమకగా తయారయ్యాయి. ఆయన గెలవాలని దేవుణ్ణి అడగాలా? గెలిపించే చెయ్యి తనదే కదా. తను గెలవాలని అడగాలా? అలా అడగడానికి నోరెలా వస్తుంది? ఇద్దరమూ గెలవడం ఈ ఆటలో లేదు కదా స్వామీ, మరి నన్నేం కోరుకోమంటావు? చివరికి ఏమీ కోరుకోకుండా చేతులు జోడించి లేచేది.

రోజూ ఆడారు. రోజూ ఆయన ఓడిపోయారు. గుండీ పెట్టేముందు ఎడమ చెయ్యి చాపి, పలక ఎడమ అంచుని పట్టుకుని, గడ్డం భుజానికి ఆనించి, అక్కణ్ణుంచి చూసుకుంటూ వచ్చేవారు. నాలుగు ఎత్తులు అలా ఓపిగ్గా వేసి, అయిదోదానికి ఆట వేడిలో పడి మర్చిపోయేవారు. ఆ మర్చిపోయినప్పుడే తెల్లగుండీ వెళ్ళి అంచున కూర్చునేది. ఆమె చెప్పేది కాదు. చెప్పకూడదని ఆయనే షరతు పెట్టారు. ఆట అయ్యాక ఆమె వేలితో చూపిస్తే తల తిప్పి చూసి, "ఓహో" అనేవారు. ఆ "ఓహో" వినలేక ఆమె గబగబా గుండీలు తీసేసేది.

"పిల్లా, నీ గుండె రాయి," అనేది కాజాల అక్క. "రోజూ పెద్దాయన్ని చితక్కొడుతున్నావు. ఒక్కటి వదిలితే ఏం పోయింది?"

"నువ్వు నోరు ముయ్యవే," అనేవారు మామగారు. "దాన్ని పాడుచెయ్యకు."

ఆ రోజు వాన పడుతోంది. కొట్లోకి ఎవరూ రాలేదు. ఆట చాలాసేపు సాగింది. మామగారు ఎన్నడూ లేనంత నిదానంగా ఆడారు. ఎడమ అంచు దగ్గర ముందే ఒక నల్లగుండీ వేసి ఉంచారు, తన అంతట తను. అది చూసి కోడలు కుర్చీలో ముందుకి జరిగింది. కుడి నుంచి వచ్చే దారి మెలికలు తిరుగుతూ ఆ గుండీ దగ్గరికి చేరుకుంటోంది. మధ్యలో ఒక్క గడి మిగిలింది. ఆయన అక్కడ పెడితే కలుస్తుంది, నిజంగానే కలుస్తుంది. కానీ ఎత్తు ఆమెది.

మిషను శబ్దం ఆగిపోయింది. భర్త బాబిన్ మారుస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నాడు. ఆ గడిని తను చూడనట్టు ఇంకెక్కడైనా పెట్టొచ్చు. ఎవరికీ తెలీదు. అల్మారాలో గుడ్డ బయటికొస్తుంది, బ్యాండు మాస్టారు తల దువ్వుకుని వస్తాడు, మామయ్య కత్తెర పట్టుకుంటారు. ఆయన మొహం చూసింది. పుస్తకం చదువుకునే పిల్లాడిలా పెదవులు కదుపుతూ పలకనే చూస్తున్నారు.

ఆమె తెల్లగుండీని ఆ గడిలో పెట్టింది. పెడుతున్నప్పుడు ఆయన డబ్బాలో గుండీ కోసం కుడివైపు తిరిగి ఉన్నారు.

మామగారు నల్లగుండీ తీసుకుని ఇటు తిరిగారు. ఎడమ చెయ్యి చాపి అంచుని పట్టుకున్నారు. గడ్డం భుజానికి ఆనింది. అక్కణ్ణుంచి ఒక్కో గడి చూసుకుంటూ వచ్చి ఆగారు.

ఆమె నోరు తెరవబోయింది.

"చెప్పకు," అన్నారు. "ఇక్కడ కొత్తది ఉంది. ఇప్పుడే పెట్టావు."

చేతిలో గుండీని బల్ల మీద పెట్టేసి, చూపుడు వేలు పలక పై అంచు మీద ఆనించారు. అక్కడి తెల్లగుండీని తాకారు. దాని కిందిదాన్ని. ఎడమకి మళ్ళిన చోట వేలు తడబడింది, తల ఇంకాస్త తిరిగింది, దొరికింది. ఒక్కటీ వదలకుండా, కొత్తగా పెట్టినదాని మీదుగా, కింది అంచు దాకా దిగి, గోటితో అట్టని టక్కున కొట్టారు.

"కలిసింది. ఇది నీ ఆట. నేను ఓడిపోయాను," అన్నారు, మొహమంతా వెలిగిపోతుంటే.

కాజాల అక్క చేతిలో సూది ఆగిపోయింది. భర్త బాబిన్ కింద పడి దారం వదులుతూ దొర్లిపోయింది, ఎవరూ తియ్యలేదు. కోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గెలిచి ఏడుస్తావేమిటమ్మాయ్? కళ్ళు తుడుచుకో, ఇంకో ఆట వేద్దాం," అన్నారు మామగారు. అప్పటికే ఆయన గుండీలు ఏరడం మొదలుపెట్టారు, ఎడమ అంచు నుంచి.